ఫోను చేతిలో... భద్రత ఎవరి చేతిలో?

రాయపూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని నడిబొడ్డున ఉన్న జయస్తంభ్ చౌక్‌కు సమీపంలోని రవిభవన్ ఈ నగరంలో సెల్‌ఫోన్ల వ్యాపారానికి పెట్టింది పేరు. కొత్త ఫోన్లు, పాత ఫోన్లు, పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు అన్నిటికీ అక్కడే విరుగుడు దొరుకుతుంది. ఇటువంటి బజారుకు ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చే మనిషి ఫోనుతోపాటు దాని లాక్ నంబరును కూడా దుకాణదారుకు చెప్పిపోతాడు. బాగయిందో లేదో చూడాలంటే లోపలికి వెళ్లక తప్పదు మరి! ఆ లోపలే బ్యాంకు యాప్ ఉంటుంది, ఆధార్ కార్డు ఫొటో ఉంటుంది, ఇంటిల్లిపాది చిత్రాలూ ఉంటాయి. అదే మనిషి ఇల్లు చేరాక తమ్ముడి కంటనో, బావమరిది కంటనో పడకుండా ఆ ఫోనుకు జాగ్రత్తగా లాక్ వేసుకుంటాడు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో జరిగేదీ ఇదే. రాయపూర్ ఇందుకు మినహాయింపేమీ కాదు.

దీనిని అజ్ఞానమని కొట్టిపారేయడం నిపుణులకు అలవాటయింది. పిన్ నంబరు చెప్పవద్దు, ఓటీపీ చెప్పవద్దు, తెలియని లింకు నొక్కవద్దు అంటూ రిజర్వు బ్యాంకు మొదలుకొని జిల్లా పోలీసుల వరకు కొన్నేళ్లుగా ప్రచారం సాగిస్తూనే ఉన్నారు. అయినా మోసాలు తగ్గలేదు సరికదా, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు అందిన ఫిర్యాదుల ప్రకారం 2023లో రూ. 7,465 కోట్లుగా ఉన్న నష్టం 2024లో ఏకంగా రూ. 22,845 కోట్లకు చేరిందని కేంద్రమే పార్లమెంటుకు తెలియజేసింది. ఫిర్యాదుల సంఖ్య ఆ ఏడాది 22 లక్షలు దాటింది. జనం హెచ్చరికలు వినడం లేదని అనుకోవచ్చు. అయితే హెచ్చరికలు చెప్పేవారు ఊహించుకున్న జనం వేరు, ఫోను వాడుతున్న జనం వేరు అనుకోవడానికి ఛత్తీస్‌గఢ్‌లో బలమైన ఆధారాలు కనిపిస్తున్నాయి.

ఈ చర్చకు ఒక ఆర్థిక కోణం ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన ఉత్తర్వు, ఖాతాలో డబ్బు పోయినప్పుడు నష్టం ఎవరు భరించాలో నిర్దేశించింది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకు బాధ్యత లేదు. బ్యాంకుదీ, ఖాతాదారుదీ కాక మధ్యలో మరెక్కడో లోపం జరిగినప్పుడు 3 పనిదినాల్లోగా ఫిర్యాదు చేసినవారికి కూడా బాధ్యత ఉండదు. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల, అంటే రహస్య సంఖ్యలను ఇతరులకు తెలియజేయడం వల్ల డబ్బు పోతే మాత్రం, బ్యాంకుకు కబురు చేసేవరకు జరిగిన నష్టమంతా అతడిదే. నిర్లక్ష్యాన్ని రుజువు చేయవలసిన భారం బ్యాంకుపైనే ఉంటుందని అదే ఉత్తర్వు చెప్పినప్పటికీ, ఆ సంగతి తెలిసి వాదించుకునే ఖాతాదారు ఎందరు? ‘నిర్లక్ష్యం’ అనే ఒక్క మాట మీద పేదవాడి పొదుపు సొమ్ము ఆధారపడి ఉంది. కనుక ఆ మాటను ఎవరి విషయంలో, ఎంతవరకు వాడవచ్చునో తేల్చుకోవలసిన అవసరం ఏర్పడింది.

పండుగలా వచ్చిన ఫోను

దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న కలకత్తాలోని అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసుకు, ఢిల్లీలోని అప్పటి కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌కు మధ్య జరిగింది. ఆనాడు అది సంపన్నుల సాధనం. సరిగ్గా 23 ఏళ్ల తర్వాత, 2018 జూలై నెలాఖరులో, రాయపూర్‌లో అదే సాధనాన్ని ప్రభుత్వం ఉచితంగా పంచిపెట్టడం మొదలుపెట్టింది. రమణ్‌సింగ్ ప్రభుత్వం ‘సంచార్ క్రాంతి యోజన’ పేరిట చేపట్టిన ఈ పథకం కింద గ్రామీణ మహిళలకు, పట్టణ పేదలకు, కళాశాల విద్యార్థులకు మొత్తం సుమారు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లు ఇవ్వాలని సంకల్పించారు. ఫోన్ల సరఫరా మైక్రోమాక్స్ సంస్థకు, కనెక్షన్లు జియోకు దక్కాయి. పంపిణీ కార్యక్రమానికి ‘మొబైల్ తిహార్’ అని పేరు పెట్టారు. ఛత్తీస్‌గఢీ భాషలో తిహార్ అంటే పండుగ. అందరికీ ఫోన్లు చేరకముందే శాసనసభ ఎన్నికలు వచ్చాయి. 2018 డిసెంబరులో ప్రభుత్వం మారింది. పండుగ అర్ధాంతరంగా ముగిసింది.

ఫోను ఇంటి ఇల్లాలి పేరిట ఇవ్వడం ఈ పథకంలో మెచ్చుకోదగిన అంశం. కాని పేరు ఎవరిదైనా పెత్తనం ఎవరిది? 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెబుతున్నది. తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను తమకు ఉందని చెప్పిన మహిళలు దేశం మొత్తంమీద 54 శాతం కాగా, ఛత్తీస్‌గఢ్‌లో 40.7 శాతం మాత్రమే. పొరుగున ఉన్న మధ్యప్రదేశ్‌లో మరీ తక్కువగా 38.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ప్రభుత్వమే మహిళల చేతికి ఫోన్లు ఇచ్చిన రెండు మూడేళ్లలోపే ఆ రాష్ట్రంలో ప్రతి అయిదుగురు మహిళల్లో ముగ్గురికి సొంతంగా వాడుకునే ఫోను లేదంటే, ఇచ్చినవాటిలో చాలామటుకు ఇంట్లోని ఇతరుల చేతికి చేరి ఉంటాయని భావించవలసి వస్తుంది.

అటువంటి ఇంటిలో ‘మీ పిన్ నంబరు ఎవరికీ చెప్పకండి’ అన్న సలహాకు అర్థమేమిటి? ఫోను ఒక్కటే, వాడేవారు నలుగురు. పిల్లవాడు బొమ్మలు చూస్తాడు. కొడుకు రీచార్జి చేస్తాడు. భర్త రైస్‌మిల్లు నుంచి వచ్చే కబురు కోసం దానిని జేబులో వేసుకుపోతాడు. లాక్ నంబరు నలుగురికీ తెలియకపోతే ఆ ఫోను పనికే రాదు. పైగా, ఉన్నట్టుండి ఒక ఇల్లాలు ఫోనుకు ఎవరికీ తెలియని నంబరు పెట్టుకుంటే ఆ ఇంట భద్రత పెరగడం మాట అటుంచి, అనుమానం మొదలవుతుంది. భద్రతా నియమాలు రాసినవారి మనసులో ఒక మనిషికి ఒక ఫోను, ఒక ఫోనుకు ఒక మనిషి అన్న లెక్క ఉంది. అది అమెరికాకు సరిపోవచ్చు, మన నగరాల్లోని ఉద్యోగుల కాలనీలకూ సరిపోవచ్చు. రాయపూర్ చుట్టుపక్కల వరిపొలాల మధ్య ఉన్న ఊళ్లకు సరిపోదు.

2024 మార్చి నుంచి ఈ లెక్కలో మరో చిక్కు చేరింది. ‘మహతారీ వందన్ యోజన’ కింద ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వివాహిత మహిళల ఖాతాల్లో నెలకు రూ. 1,000 చొప్పున జమ చేయడం ప్రారంభించింది. తొలి విడతలోనే దాదాపు 70 లక్షల మందికి డబ్బు అందింది. ఖాతా ఆమెది. డబ్బు పడిందన్న సందేశం మాత్రం ఆ ఖాతాకు జోడించిన ఫోను ఎవరి చేతిలో ఉంటే వారికే తెలుస్తుంది. చాలా ఇళ్లలో అది ఆమె చేతిలో ఉండదు. తన సొమ్ము సంగతి తనకన్నా ముందు మరొకరికి తెలిసే ఏర్పాటులో ఆ మహిళ భద్రతకు ముప్పు ఏ జార్ఖండ్ ముఠా నుంచో రానక్కరలేదు. పథకం అమలులోనూ ఈ లొసుగు బయటపడకపోలేదు. బస్తర్ జిల్లాలో ఒక సినీతార పేరిట ఖాతా నమోదై నెలనెలా సొమ్ము జమ అవుతున్న ఉదంతం 2024 డిసెంబరులో దేశమంతా నవ్వుకునేలా చేసింది. నవ్వులాట మాట ఎలా ఉన్నా, ఇతరుల లాగిన్‌తో పని కానివ్వడమన్నది కింది స్థాయిలో ఎంత మామూలయిందో దానివల్ల తెలిసింది.

నమ్మకం యంత్రం మీద కాదు, మనిషి మీద

విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి పొట్టచేతబట్టుకొని ఆ మార్గాన వచ్చినవారి సంతతి నేటికీ రాయపూర్‌లో ఉంది. పక్కనే ఉన్న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనిచేసి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కాదు. తెలియని ఊళ్లో, రాని భాషలో బతుకు వెళ్లదీసినవారికి తెలిసిన మనిషే బ్యాంకు, తెలిసిన మనిషే పోస్టాఫీసు. మనియార్డరు ఫారం నింపిపెట్టినవాడిని నమ్మినట్టే, నేడు ఫోనులో యాప్ పెట్టి ఇచ్చే రీచార్జి దుకాణం కుర్రవాడిని నమ్ముతున్నారు. ఇది ఒక్క వలస కుటుంబాల సంగతే కాదు. గ్రామాల్లో ‘బ్యాంక్ సఖి’ పట్టుకొచ్చిన చిన్న యంత్రం మీద వేలు పెట్టి పింఛను తీసుకునే వృద్ధురాలు కూడా యంత్రాన్ని చూసి వేలు పెట్టడం లేదు, దానిని తెచ్చిన అమ్మాయిని చూసి పెడుతున్నది.

ఈ నమ్మకం చాలామటుకు వమ్ము కావడం లేదన్న సంగతిని విస్మరించరాదు. లక్షలాది లావాదేవీలు రోజూ ఇలాగే సవ్యంగా జరిగిపోతున్నాయి. కాని వమ్మయిన చోట మాత్రం దాని మూల్యం చాలా ఎక్కువ. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులు అమ్మే ఒక దుకాణదారు రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు సేకరించి, రబ్బరు స్టాంపుల మాదిరిగా వాటికి నకళ్లు తయారుచేసి, వాటితో వేల సంఖ్యలో సిమ్‌లు క్రియాశీలం చేసినట్టు పోలీసులు కనుగొన్నారు. భూమి అమ్ముకున్న రైతు వేలిముద్ర తనకు తెలియని ఫోను నంబరుకు హామీగా మారింది. ఆ రైతు ఏ పిన్ నంబరూ ఎవరికీ చెప్పలేదు. ఆయన నిర్లక్ష్యం ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

రాయపూర్ పోలీసులు 2025లో ‘ఆపరేషన్ సైబర్ షీల్డ్’ పేరిట జరిపిన దాడుల్లో సిమ్‌లు అమ్మే ఏజెంట్లు కూడా పట్టుబడ్డారు. కొత్త సిమ్ కోసం వచ్చినవారి చేత, యంత్రం సరిగా పట్టలేదనే నెపంతో మరోసారి వేలు పెట్టించి, వారి పేరిటే రెండో సిమ్ తీసి మోసగాళ్లకు అమ్ముకోవడం ఈ వ్యాపారంలో పాతబడిన కిటుకు. ఇక అద్దె ఖాతాల సంగతి సరేసరి. కొద్దిపాటి కమిషన్‌కు ఆశపడి తమ బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌నూ ఇతరులకు అప్పగించినవారిని పెద్దసంఖ్యలో అరెస్టు చేశారు. ఛత్తీస్‌గఢ్‌కు ఈ వ్యాధి కొత్తది కాదు. భిలాయ్‌కి చెందిన వ్యక్తులు దుబాయ్ నుంచి నడిపారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించిన మహాదేవ్ బెట్టింగ్ యాప్ వ్యవహారంలోనూ సొమ్ము చేతులు మారింది ఇటువంటి బినామీ ఖాతాల ద్వారానే అన్నది ఆ సంస్థ అభియోగం. ఆ యాప్‌తో సహా 22 యాప్‌లు, వెబ్‌సైట్లపై కేంద్రం 2023 నవంబరు 5న నిషేధం విధించింది. నిరుద్యోగ యువకుడి దృష్టిలో ఖాతా అన్నది ఖాళీగా ఉన్న గది వంటిది. అద్దెకిస్తే పోయేదేముందన్నది అతడి లెక్క. పోలీసులు తలుపు తట్టేవరకు ఆ లెక్కలో తప్పు అతడికి కనిపించదు.

అధికారి గొంతు వినిపిస్తే చాలు

గత రెండు మూడేళ్లలో పుట్టుకొచ్చిన మోసాలను పరిశీలిస్తే వాటిలో సాంకేతిక నైపుణ్యం కన్నా జనం మనస్తత్వంపై పట్టే ఎక్కువగా కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. దాని పేరు పెళ్లి శుభలేఖ కావచ్చు, ట్రాఫిక్ చలానా కావచ్చు, రైతులకు కేంద్రం ఇచ్చే సొమ్ము జాబితా కావచ్చు. అది ఫొటో కాదు, యాప్. నొక్కగానే ఫోను ఒకసారి హెచ్చరిస్తుంది. ఫరవాలేదని నొక్కితే సందేశాలు చదివే అనుమతి అడుగుతుంది. అదీ ఇచ్చేస్తే, ఇక బ్యాంకు పంపే ఓటీపీలన్నీ ఫోను యజమాని కంటపడకముందే మోసగాడికి చేరిపోతాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న ప్రచారం ఇక్కడ ఎందుకూ కొరగాదు. యజమాని దానిని ఎవరికీ చెప్పనే లేదు.

మరి ఫోను చేసిన హెచ్చరికను ఎందుకు లెక్కచేయలేదు? డేటా ఖరీదుగా ఉన్న రోజుల్లో పాటలు, సినిమాలు, యాప్‌లు దుకాణంలో మెమరీ కార్డు మీద ఎక్కించుకోవడం, ఒక ఫోను నుంచి మరో ఫోనుకు పంపుకోవడం పల్లెల్లో సర్వసాధారణం. అందుకు బాగా వాడిన షేర్‌ఇట్ 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌ల జాబితాలోకి ఎక్కింది. అలా చేతులు మారి వచ్చిన ప్రతి యాప్‌కూ ఫోను ఇదే హెచ్చరిక చేసింది. ప్రతిసారీ ఫరవాలేదని నొక్కారు, ప్రతిసారీ ఏమీ కాలేదు. పదిసార్లు ఉత్తినే మోగిన గంటను పదకొండోసారి ఎవరు పట్టించుకుంటారు?

‘డిజిటల్ అరెస్టు’ వంచన ఇంతకన్నా విషాదకరం. పోలీసు యూనిఫాంలో వీడియో కాల్‌లో కనిపించి, మీ పేరిట వచ్చిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయనో, మీ ఆధార్ మనీలాండరింగ్ కేసులో ఉన్నదనో బెదిరించి, గంటల తరబడి, కొన్ని సందర్భాల్లో రోజుల తరబడి ఫోను ముందు నుంచి కదలనివ్వకుండా డబ్బు లాగుతున్నారు. ఇటువంటి అరెస్టు చట్టంలో లేనే లేదని ప్రధాని నరేంద్ర మోదీ 2024 అక్టోబరు 27న రేడియో ప్రసంగంలో స్వయంగా చెప్పవలసి వచ్చింది. రాయపూర్‌లోనూ, హైదరాబాద్‌లోనూ ఈ కేసులు నమోదయ్యాయి. బాధితుల్లో విశ్రాంత అధికారులు, వైద్యులు, ఉన్నత విద్యావంతులు ఉండటం గమనార్హం. వీరిని అమాయకులనలేం. అధికారి గద్దిస్తే ఎదురు ప్రశ్న వేయకూడదన్న పాఠం మన వ్యవస్థ జీవితమంతా నేర్పింది. మోసగాడు ఆ పాఠాన్ని వాడుకున్నాడు, అంతే.

జనానికి గోప్యత పట్టదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2020 డిసెంబరులో తెలంగాణలో రుణాల యాప్‌ల దురాగతాలు వెలుగుచూసినప్పుడు ఈ విషయం స్పష్టమయింది. కొద్ది వేల రూపాయల అప్పు కోసం యాప్ పెట్టుకున్నవారు తమ పరిచయస్థుల నంబర్లు, ఫొటోలు చూసేందుకు అనుమతి ఇచ్చారు. వాయిదా తప్పగానే బంధువులకు, సహోద్యోగులకు ఫోన్లు వెళ్లాయి. వక్రీకరించిన చిత్రాలు వెళ్లాయి. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వారిని చంపింది అప్పు కాదు, తమ ఫోనులోని పేర్ల జాబితా! రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని నియమించి, 2022 సెప్టెంబరులో నిబంధనలు జారీ చేసింది. రుణాల యాప్‌లు పరిచయస్థుల జాబితాను, ఫైళ్లను, కాల్ వివరాలను చూడరాదని అందులో ఆదేశించింది. పరువు విలువ తెలిసిన సమాజానికి గోప్యత విలువ తెలియదని చెప్పడం విడ్డూరం.

అన్ని తాళాలూ వేసినా...

ఫోను భద్రత గురించి రాయపూర్‌లో అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడినవారి అనుభవం మరొక రకంగా ఉంది. 2010లో శుభ్రాంశు చౌధురి అనే పాత్రికేయుడు ‘సీజీనెట్ స్వర’ పేరిట ఒక ప్రయోగం మొదలుపెట్టారు. మారుమూల గ్రామం నుంచి ఒక నంబరుకు మిస్‌డ్ కాల్ ఇస్తే, తిరిగి ఫోను వస్తుంది. గోండీలోనో హిందీలోనో తమ ఊరి సమస్య చెప్పుకోవచ్చు. పత్రికలు చేరని చోట మామూలు సెల్‌ఫోనే పత్రిక అయింది. తొమ్మిదేళ్ల తర్వాత మరో రకం మిస్‌డ్ కాల్ వచ్చింది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూపు తయారుచేసిన పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ వాట్సాప్ వీడియో కాల్ రూపంలో ఫోనులోకి జొరబడుతున్నట్టు వాట్సాప్ సంస్థ గుర్తించింది. కాల్ ఎత్తనక్కరలేదు, ఏ లింకూ నొక్కనక్కరలేదు. 2019 మే నెలలో వాట్సాప్ ఆ లోపాన్ని సరిదిద్ది, అక్టోబరు 29న ఎన్‌ఎస్‌ఓపై కాలిఫోర్నియాలో దావా వేసింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1,400 ఫోన్లు, వాటిలో మనదేశానికి చెందినవి 121 లక్ష్యంగా మారినట్టు వెల్లడయింది.

ఆ భారతీయుల జాబితాలో ఛత్తీస్‌గఢ్‌కు పెద్దపీటే దక్కింది. చౌధురితోపాటు బస్తర్‌లో పనిచేస్తున్న బేలా భాటియా, న్యాయవాది శాలినీ గేరా, అడవుల పరిరక్షణ ఉద్యమకారుడు ఆలోక్ శుక్లా తమకు వాట్సాప్ నుంచి హెచ్చరిక అందినట్టు తెలిపారు. ఎన్‌ఎస్‌ఓ ప్రతినిధులు గతంలో రాయపూర్ వచ్చి రాష్ట్ర పోలీసులకు తమ సాఫ్ట్‌వేర్ గురించి వివరించారన్న ఆరోపణపై విచారణకు భూపేశ్ బఘేల్ ప్రభుత్వం 2019 నవంబరులో త్రిసభ్య సంఘాన్ని నియమించింది. తమ సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ సంస్థలకే అమ్ముతామని ఎన్‌ఎస్‌ఓ మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. ఆ మాట నిజమైతే రెండో ప్రశ్న దానంతటదే ఉదయిస్తుంది.

ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం, దేశభద్రత పేరు చెప్పి ప్రతిసారీ ప్రభుత్వం తప్పించుకోజాలదని వ్యాఖ్యానిస్తూ, 2021 అక్టోబరు 27న విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో సాంకేతిక సంఘాన్ని ఏర్పాటు చేసింది. పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ ఉందని, అది పెగాసస్ అనడానికి నిర్ధారణ లేదని, కేంద్రం సహకరించలేదని ఆ సంఘం తెలిపినట్టు 2022 ఆగస్టు 25న కోర్టులో వెల్లడయింది. అమెరికాలో మాత్రం ఎన్‌ఎస్‌ఓ బాధ్యత వహించాలని 2024 డిసెంబరులో న్యాయస్థానం తేల్చింది. జ్యూరీ సుమారు 16.8 కోట్ల డాలర్ల పరిహారం విధించగా, 2025 అక్టోబరులో న్యాయమూర్తి దానిని దాదాపు 40 లక్షల డాలర్లకు కుదించి, వాట్సాప్ జోలికి వెళ్లరాదని నిషేధం విధించారు.

ఇటువంటి నిఘా కోట్లమందికి ఎదురయ్యేది కాదు, నిజమే. రవిభవన్‌లో ఫోను బాగుచేయించుకునే రైతు మీద ఎవరూ పెగాసస్ ప్రయోగించరు. అయితే ఫోను పంచినది ప్రభుత్వం, ఫోనును జాగ్రత్తగా వాడుకోవాలని బోధిస్తున్నది ప్రభుత్వం, ఫోనులోకి తొంగిచూస్తున్నదేమోనన్న అనుమానమూ ప్రభుత్వం మీదే. ఈ మూడూ ఒకే నగరంలో, ఏడాదిన్నర వ్యవధిలో ఎదురుపడ్డాయి.

ఆ అనుమానం ఎంత బలంగా ఉందో 2025 చివర బయటపడింది. పోయిన ఫోన్లను నిలిపివేయడానికి, తమ పేరిట ఎన్ని సిమ్‌లు ఉన్నాయో తెలుసుకోవడానికి టెలికం శాఖ రూపొందించిన ‘సంచార్ సాథీ’ నిజానికి పనికివచ్చే సాధనమే. రాయపూర్‌లో దొంగచాటుగా రెండో సిమ్ తీసిన ఏజెంటును పట్టుకోవాలంటే సామాన్యుడికి దీనిని మించిన మార్గం లేదు. కాని దానిని కొత్త ఫోన్లన్నిటిలో తప్పనిసరిగా ముందే అమర్చి విక్రయించాలని, దాని పనిని నిలిపివేసే వీలు ఉండరాదని 2025 నవంబరు 28న శాఖ తయారీదారులను ఆదేశించడంతో దుమారం చెలరేగింది. ఇష్టంలేనివారు తొలగించుకోవచ్చునని కేంద్ర మంత్రి జ్యోతిరాదిత్య సింధియా వివరణ ఇచ్చారు. చివరకు డిసెంబరు 3న ఆ ఆదేశాన్నే ఉపసంహరించుకున్నారు. స్వచ్ఛందంగా అప్పటికే 1.4 కోట్లమంది దానిని తెచ్చుకున్నారని ప్రభుత్వమే చెప్పడం ఇందులో విశేషం. అడిగి ఇస్తే తీసుకున్న జనం, అడగకుండా పెడతామంటే వద్దన్నారు. భద్రత పట్ల నిరాసక్తత అంటే ఇదేనా?

నష్టం జరిగాక చేయగలిగింది మాత్రం కొంత ఉంది. సైబర్ మోసాల ఫిర్యాదుకు కేంద్రం 2021 ఏప్రిల్‌లో సహాయ కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు తొలుత దానిని అమలుచేసిన ఏడు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఛత్తీస్‌గఢ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. మొదట 155260గా ఉన్న నంబరు తర్వాత 1930 అయింది. ఫిర్యాదు వెంటనే అందితే, దొంగిలించిన సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పరుగెత్తుతుండగానే బ్యాంకులు దానిని మధ్యలో నిలిపివేస్తాయి. గంటలు గడిచేకొద్దీ అది అద్దె ఖాతాల్లో ముక్కలై, ఏటీఎంల నుంచి నగదుగా మాయమవుతుంది. ఇక్కడే ఉమ్మడి ఫోను మళ్లీ అడ్డు వస్తుంది. డబ్బు పోయిన సందేశం పొలంలో ఉన్న భర్త ఫోనుకు వస్తే, ఖాతా ఉన్న ఇల్లాలికి ఆ సంగతి తెలిసేసరికి సాయంత్రమవుతుంది.

రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు 25న చెల్లింపుల ధ్రువీకరణపై కొత్త నిబంధనలు ప్రకటించి, 2026 ఏప్రిల్ 1వ తేదీని అమలుకు గడువుగా నిర్ణయించింది. ఎస్.ఎం.ఎస్. ఓటీపీ ఒక్కదాని మీదనే ఆధారపడకుండా ఇతర పద్ధతులకు అవి వీలు కల్పించాయి. అనుమానాస్పద లావాదేవీని ఖాతాదారు అలవాట్లతో, ఫోను ఉన్న చోటుతో పోల్చి అదనంగా తనిఖీ చేయవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ నిబంధనలు పాటించనందువల్ల ఖాతాదారుకు నష్టం కలిగితే బ్యాంకే పూర్తిగా చెల్లించాలి. 2017 నాటి ‘నిర్లక్ష్యం’ అనే మాటకు ఎదురుగా బ్యాంకు నిర్లక్ష్యమన్న మాట కూడా లెక్కలోకి రావడం ఇందులోని కొత్తదనం. అయితే అలవాట్లతో పోల్చే ఆ యంత్రానికి నలుగురు వాడే ఒకే ఫోను ఎలా కనిపిస్తుందన్నది చూడవలసి ఉంది. ఉదయం భర్త, మధ్యాహ్నం కొడుకు, సాయంత్రం ఇల్లాలు వాడే ఫోనులో ఏది అలవాటు, ఏది అనుమానాస్పదం? కొత్త ఫోను కొనుక్కోలేని ఇంటిలో ఈ ప్రశ్నకు జవాబు బ్యాంకు శాఖలోని గుమస్తా చెప్పవలసిందే, లేదా రీచార్జి దుకాణం కుర్రవాడు చెప్పవలసిందే.